పెద్దమ్మ ఎండ

ఎండ తగలని వస్తువుని మా పెద్దమ్మ నమ్మేది కాదు. పరుపులు, దిళ్లు సరే, అవి ఆమె వృత్తి. కానీ చెప్పులు, గొడుగులు, నా స్కూలు సంచి, ఆఖరికి ఒకసారి వాన నీళ్లు పడి తడిసిన గోడ గడియారాన్ని కూడా డాబా మీద ఎండబెట్టింది. గడియారం ఎండిందో లేదో తెలీదుగానీ తిరగడం మాత్రం మానేసింది. "అది ముందునుంచీ సోమరిదే," అని తేల్చేసింది పెద్దమ్మ. తప్పు ఎప్పుడూ ఎండది కాదు.

పెద్దమ్మంటే మా అమ్మకి సొంత అక్క. మా ఇల్లు నిజానికి ఆమె ఇల్లు. కింద పరుపుల కొట్టు, పైన రెండు గదులు, ఆపైన డాబా. కొట్టు పెట్టింది పెదనాన్న. ఆయన నాకు ఫొటోలోనే తెలుసు. ఆయన పోయాక కొట్టు మూతపడుతుందని వీధివీధంతా అనుకుందట. వారం తిరక్కుండా పెద్దమ్మ తలుపు తీసి, ఆయన వాడిన దబ్బనాన్నే చేతబట్టి, సగంలో ఆగిపోయిన పరుపు ముందు కూర్చుంది. పరామర్శకి వచ్చినవాళ్లతో కుడుతూనే మాట్లాడిందట. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి కొంచెం భయంగానే చెబుతుంది.

అమ్మ బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేసేది. నాన్న లారీ నడిపేవాడు. ఇంటికి చుట్టంలా వచ్చి, నాలుగు రోజులుండి, మళ్లీ వెళ్లిపోయేవాడు. అందుకని నన్ను పెంచింది పెద్దమ్మ అంటే అమ్మ కూడా కాదనదు. పెద్దమ్మకి పిల్లల్లేరు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, "ఉంది కదా, కళ్లు కనబడట్లేదా?" అని నావైపు చెయ్యి చూపించేది.

నేను పాకిందీ, నడిచిందీ, అక్షరాలు దిద్దిందీ ఆ కొట్లోనే. ఒక మూల దూది ఏకే మిషను. దాన్ని ఆన్ చేస్తే పక్కనున్న మనిషి అరిచినా వినబడేది కాదు. ఒక పక్కనుంచి గడ్డకట్టిన పాత దూది లోపలికి పోయి, రెండో పక్కనుంచి తెల్లగా, పొంగుకుంటూ బయటికొచ్చేది. కిటికీ జాలీకి దూది గడ్డాలు వేలాడేవి. ట్యూబులైటు మీద, గడప మీద, పెదనాన్న ఫొటో మీద కూడా దూది. పెద్దమ్మ తలకి గుడ్డ చుట్టుకున్నా కనుబొమలు మాత్రం సాయంత్రానికి ముసలివాళ్లవిలా తెల్లబడేవి. అమ్మ పనికి వెళ్లాక నన్ను కొత్తగా ఏకిన దూది గుట్టలో పడుకోబెట్టేదట. దాన్నించి వచ్చిందే నా పేరు, దూదిపింజ. నా అసలు పేరు ఆమె నోట విన్న గుర్తే లేదు. వీధి చివరినుంచి "ఒసేయ్ దూదిపింజా!" అని కేకేస్తే నలుగురూ తిరిగి చూసేవాళ్లు, నాకు సిగ్గేసేది. ఇప్పుడా కేక కోసం ఎంత దూరమైనా వెళ్లి నిలబడాలనిపిస్తుంది.

ఆమె నోరు ఊరంతటికీ తెలుసు. పాత పరుపులు బాగుచేయించుకోడానికి తెచ్చేవాళ్లు ఆమె ముందు కాస్త ఇబ్బందిగా నిలబడేవాళ్లు. ఎందుకంటే పరుపుని నేలమీద పరిచి, చేత్తో ఒకసారి తడిమి, వాళ్లింటి సంగతులు చెప్పేసేది.

"మీ ఆయన కిటికీ వైపు పడుకుంటాడు కదూ? బరువు పెరిగాడు, కొంచెం చూసుకో."

ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. పరుపు తడిమి, "మధ్యలో ఇంత గట్టు లేచిందేంటర్రా? చెరో అంచునా పడుకుంటున్నారా? పోట్లాట తీర్చుకుని రండి, అప్పుడు కుడతా," అంది. ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. ఆ అమ్మాయి మాత్రం పకపకా నవ్వింది. తర్వాత వాళ్లు నిజంగానే పోట్లాట తీర్చుకున్నారో, వేరే కొట్టుకి పోయారో నాకు తెలీదు. పెద్దమ్మ మాత్రం తీర్చుకున్నారనే చెప్పేది.

బడికి వెళ్లే వయసు వచ్చేసరికి నాకు దగ్గు పట్టుకుంది. ముందు మామూలు దగ్గే అనుకున్నారు. తర్వాత పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి వదిలితే గుండెల్లోంచి సన్నగా ఈల. "దీని లోపల పిల్లి దూరిందే," అని పెద్దమ్మ నా వీపుకి చెవి పెట్టి నవ్వించేది. నవ్వితే ఇంకా ఆయాసం వచ్చేది. ఎవరి సలహా వాళ్లు చెప్పారు. చల్లగాలి పడదన్నారు, ఆటలు పడవన్నారు. అందరి మాటా విని కిటికీలు మూశారు. ఆడుకోడానికి పంపడం మానేశారు. బడికి వెళ్లడం, వచ్చి కొట్లో కూర్చోవడం, అంతే నా లోకం. అన్నిటినీ ఎండబెట్టే ఆ ఇంట్లో ఎండ తగలనిది నేనొక్కదాన్నే.

అప్పుడే పిల్లల ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, ప్రతి మాటనీ కొలిచినట్టు మాట్లాడే మనిషి. అమ్మ సెలవు పెట్టుకుంది. పెద్దమ్మ తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయలుదేరింది. డాక్టరు దగ్గరికి దూదితో వెళ్తే మర్యాదగా ఉండదని ఆమె ఉద్దేశం. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. ఏవేవో అడిగి, "ఇంట్లో దుమ్ము ఉంటుందా అమ్మా?" అన్నాడు.

పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. "మా ఇంట్లో దుమ్మా? పొద్దునా సాయంత్రం తడిగుడ్డ పెట్టి తుడుస్తానండీ! మీరు వచ్చి వేలితో గీసి చూడండి. ఈ ఆసుపత్రి కన్నా శుభ్రంగా ఉంటుంది మా ఇల్లు."

అమ్మ తల వంచుకుంది గానీ కాదనలేదు. ఎందుకంటే పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. దుమ్మంటే వీధిలోంచి వచ్చేది, మనది కానిది, ఊడ్చి పారేసేది. దూది మాది. దాన్ని ఎవరైనా తొక్కితే పెద్దమ్మ ఊరుకునేది కాదు. దూదికీ దుమ్ముకీ సంబంధం ఉండొచ్చని మా ముగ్గురిలో ఒక్కరికీ, కలలో కూడా తోచలేదు.

డాక్టరు నాకు ఒక పంపు రాశాడు, పొడుగు డబ్బాకి బిగించి పీల్చేది. రక్తం పరీక్షకి పంపాడు. ఫలితం వచ్చాక మళ్లీ వెళ్తే, "డి విటమిన్ బాగా తక్కువగా ఉంది. మామూలుగా ఎండ తగిలితే ఒంట్లో తయారవుతుంది. పిల్ల బయటికి రావట్లేదా?" అన్నాడు.

పెద్దమ్మకి ఆ వాక్యంలో ఒకటే మాట వినబడింది. "ఎండా?" అంది. ముఖం వెలిగిపోయింది.

"ఎండ సంగతి తర్వాతమ్మా, చుక్కల మందు రాస్తున్నాను. రోజూ చెప్పినంతే వెయ్యండి, ఎక్కువ వేస్తే మంచిది కాదు. ఇది ఎముకలకి అవసరం. ఆయాసానికి కూడా మేలు చేస్తుందని కొందరంటున్నారు, తేడా ఏమీ లేదని కొందరంటున్నారు. అది ఇంకా తేలలేదు. నేను మాటివ్వలేను. పంపు మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదు."

ఇంత బాగా చెప్పాడు పాపం. పెద్దమ్మ మనసు అప్పటికే డాబా మీద ఉంది. దారిపొడుగునా కనబడినవాళ్లందరికీ చెప్పింది. "పెద్ద డాక్టరు అన్నాడు, దీనికి ఎండ తక్కువైందట! నాకు ముందే తట్టాల్సింది. ఎండని పిండి సీసాకెత్తి అమ్ముతున్నారట, చూడండి! మన డాబా మీద ఊరికే పారబోసినంత ఉంది కదా."

సీసాని వెక్కిరించింది గానీ మందు మానలేదు, అది చెప్పాలి. పంపూ చుక్కలూ తప్పకుండా వేసేది. వాటికి తోడు ఎండ కలిపింది, అంతే. సెలవు రోజుల్లో పొద్దున్నే నన్ను డాబా మీదికి తీసుకెళ్లి చాప మీద పడుకోబెట్టేది. ఆమెకి తెలిసిన ఎండబెట్టడం ఒకటే కదా, అదే నా మీద చూపించింది. కాసేపయ్యాక, "బోర్లా తిరుగు. ఒక పక్కే ఎండితే లోపల చెమ్మ అలాగే ఉండిపోతుంది," అనేది. మళ్లీ కాసేపటికి పక్కకి. నా చుట్టూ పరుపులు, దిళ్లు. వాటికీ నాకూ ఒకటే వేళలు. పిట్టగోడ మీదినుంచి చూసిన పక్కింటావిడ, "పరుపులమ్మా, పిల్లని కూడా ఆర్డరు మీద ఇస్తావా?" అని అడిగింది. "ఇస్తా గానీ కొనడానికి నీ దగ్గర అంత డబ్బు లేదు," అంది పెద్దమ్మ.

పిల్లికూతలు తగ్గలేదు. ఎండ చాలట్లేదని పెద్దమ్మ నమ్మింది. ఇంకాసేపు ఉంచేది.

ఆ రోజు ఏదో హాస్టల్ వాళ్ల పాత పరుపులన్నీ ఒకేసారి బాగుచేయడానికి వచ్చాయి. పెద్దమ్మ వాటిని విప్పి డాబా నిండా పరిచింది, పిట్టగోడ మీద వేలాడేసింది. మధ్యలో నా చాప. ఎండ బాగా కాస్తోంది. ఆమె తలకి గుడ్డ కట్టుకుని, బెత్తం తీసుకుని పరుపుల్ని కొట్టడం మొదలెట్టింది. దెబ్బ పడ్డప్పుడల్లా పొగలాగా లేచేది. ఆ పొగలో ఎండ పడి బంగారం రంగులో మెరిసేది. నేను లేచి కూర్చుని ఆ మెరుపుల్ని గుప్పిట్లో పట్టడానికి చూశాను. అంత అందమైన దాన్ని నేను తర్వాతెప్పుడూ చూడలేదేమో. గుప్పిట విప్పితే ఏమీ లేదు. మళ్లీ పట్టాను. ఆ తర్వాత గాలి లోపలికి వెళ్లలేదు.

పెద్దమ్మా అని పిలవాలనుకున్నాను. మాట రాలేదు. ఆమె వీపు నా వైపుంది. బెత్తం చప్పుడు. ఆఖరికి ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. నా పెదాలు నల్లబడ్డాయట. ముందు పంపు వేసింది, అది పనిచేయలేదు. నన్ను భుజాన వేసుకుని మెట్లు దిగి, చెప్పుల్లేకుండా వీధివెంట పరిగెత్తింది. ఆసుపత్రి గేటు దగ్గర మనిషి ఆమెని చూసి వెనక్కి జరిగాడట, ఎందుకంటే ఆమె చేతిలో బెత్తం ఇంకా అలాగే ఉంది.

ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టారు. అందులోంచి చల్లటి పొగ వచ్చింది. ఊపిరి మెల్లగా దారిలో పడింది. డాక్టరు నా పక్కన నిలబడి ఉన్నాడు. నా గౌను మీదినుంచి ఏదో తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఏంటమ్మా ఇది?"

"దూదండీ," అంది పెద్దమ్మ.

"ఎక్కడిది?"

"మా కొట్లోది. పరుపులు కుడతాం కదా."

డాక్టరు అప్పుడు ఆమెని సరిగ్గా చూశాడు. తలగుడ్డ మీద, కనుబొమల మీద, భుజాల మీద, నేను తల ఆనించుకున్న చోట కూడా దూది. 

"ఇంట్లో దుమ్ము ఉందా అని అడిగాను కదమ్మా."

"దుమ్ము కాదండీ. దూది." పెద్దమ్మ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "దూది దుమ్మెలా అవుతుందండీ?"

"పిల్ల ఊపిరితిత్తులకి ఆ తేడా తెలీదమ్మా," అన్నాడు డాక్టరు. కోప్పడలేదు. కోప్పడితే పెద్దమ్మకి తేలికగా ఉండేది, ఎదురు తిరిగేది. ఆయన కోప్పడలేదు కాబట్టి ఆమె అక్కడే నేలమీద కూలబడింది.

అమ్మ బస్టాండునుంచి వచ్చేసింది. డాక్టరు ఇద్దర్నీ వరండాలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి కొంత నాకూ వినబడింది. దూది ఉన్న ఇంట్లో ఈ పిల్ల ఉండటానికి వీల్లేదన్నాడు. ఇంకోసారి ఇలా వస్తే ఏమవుతుందో చెప్పలేనన్నాడు. అమ్మ ఏడుస్తూ, "బస్టాండు దగ్గర గది చూసుకుంటానక్కా. దీన్ని తీసుకుని వెళ్లిపోతాను," అంది.

 పెద్దమ్మ లేకుండా బస్టాండు దగ్గర గదిలో ఎలా ఉంటారో నాకు ఊహకందలేదు. మాస్కు తీసేసి అరవాలనిపించింది.

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు," అంది పెద్దమ్మ గొంతు. "కొట్టు వెళ్తుంది. పిల్ల వెళ్లదు."

"బావ పెట్టిన కొట్టక్కా అది."

"మీ బావ ఉంటే ఈపాటికి మిషను మోసుకుపోయేవాడు."

ఆ తర్వాత గొంతులు తగ్గిపోయాయి. కాసేపటికి ఇద్దరూ లోపలికొచ్చారు. పెద్దమ్మ నా మంచానికి దూరంగా, గోడ పక్కనే నిలబడి చెప్పింది. "విన్నావా పిల్లా, డాక్టరు నిన్ను రోజూ పొద్దున ఎండలో కూర్చోబెట్టమన్నాడు. పరుపుల్లేని చోట. నాతోపాటు. తప్పకూడదన్నాడు." అమ్మ ఆమె వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు.

'పిల్లా' అంది, గమనించారా? ఆ రోజునుంచి దూదిపింజ అన్న మాట ఆమె నోట రాలేదు. ఆ మాటలో కూడా దూది ఉందని కాబోలు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఊరి చివర ఇటుకల బట్టీ అవతల ఒక రేకుల షెడ్డు దొరికింది. మిషనూ, దూది బస్తాలూ, పెదనాన్న కూర్చున్న పీటా అన్నీ అక్కడికి పోయాయి. కొట్టుని నీళ్లు పోసి కడిగారు, సున్నం కొట్టారు. కిటికీ జాలీ విప్పి పారేశారు. ఇల్లంతా ఒక్కసారిగా ఎవరో పోయినట్టు నిశ్శబ్దమైపోయింది. మా ఇంట్లో ఉన్న దూది పరుపులన్నీ కూడా వెళ్లిపోయాయి, పెద్దమ్మ నాకోసం నీలం పువ్వుల గుడ్డతో కుట్టిన చిన్న పరుపు సహా. దాన్ని కుట్టేటప్పుడు, పెళ్లయ్యేదాకా ఇదే సరిపోయేట్టు కుట్టానని ఊరంతా చెప్పుకుంది.

ఇక నేను దేని మీద పడుకోవాలి? మెయిన్‌రోడ్డు మీద స్పంజి పరుపుల షాపు ఉండేది, పెద్ద అద్దాలు, లోపల చల్లటి గాలి. అది తెరిచిన రోజునుంచి పెద్దమ్మ ఆ దారిన నడవడం మానేసింది. తప్పనిసరైతే ముఖం తిప్పుకుని వెళ్లేది. "దాని మీద పడుకునేవాడికి నిద్ర రాదు, వచ్చినా కలలు రావు," అని శాపనార్థాలు పెట్టేది. ఆ షాపులోకి తనే వెళ్లింది, నా చెయ్యి పట్టుకుని కాదు, నేను అమ్మ చెయ్యి పట్టుకుంటే ముందు తను నడిచి. షాపతను నోరు తెరిచి చూశాడు.

"ఏంటి పరుపులమ్మా, దారి తప్పి వచ్చావా?"

"మా పిల్లకి పరుపు కావాలి."

అతను ఇంకో మాట అనడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాడు. పెద్దమ్మ ఒక్కో పరుపునీ పిడికిలితో నొక్కి చూసింది. లోపల ఏముందో తెలీని దాన్ని ఎలా ఎంచాలో తెలీక తికమకపడింది. ఆఖరికి ఒకటి ఎంచి, రిక్షా పిలుస్తానన్నా వినకుండా, దాన్ని తన నెత్తిమీదే పెట్టుకుని పట్టపగలు వీధి మధ్యలోంచి నడిచింది. అరుగుల మీదవాళ్లు లేచి నిలబడ్డారు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి నెత్తిన కొన్న పరుపు. ఎవరూ ఒక్క వేళాకోళం ఆడలేదు. ఆ స్పంజి పరుపుకి దళసరి గుడ్డతో తనే గలేబు కుట్టింది, అంచులకి రెండు వరసల కుట్లు, ఒక పక్క జిప్పు. దుమ్ము లోపలికి పోకుండా అలా కుట్టాలని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆమె కూడా దుమ్ము అనే మాటని జాగ్రత్తగా వాడేది.

సాయంత్రాలు మాత్రం కష్టంగా ఉండేవి. షెడ్డు దగ్గరే తలంటుకుని, బట్టలు మార్చుకుని, ఏ కాలమైనా తడి జుట్టుతో ఇంటికొచ్చేది. అయినా నా దగ్గరికి రాదు. గదిలో ఆ చివర కూర్చునేది. నేను పరిగెత్తుకెళ్తే రెండు చేతులూ ముందుకి పెట్టి ఆపేది. "ఆగాగు. ఎక్కడో ఒక పీచు ఉండే ఉంటుంది." నాకు కోపం వచ్చేది, ఏడుపొచ్చేది. నేను ఆయాసపడి ఆమె కొట్టుని పోగొట్టానని, అందుకే నన్ను ముట్టుకోవట్లేదని చాలా రోజులు అనుకున్నాను.

పొద్దున్న మాత్రం వేరు. స్నానం చేసి, ఇంకా షెడ్డుకి వెళ్లకముందు ఆమె ఒంటిమీద దూది ఉండదు. నన్ను డాబా మీదికి తీసుకెళ్లేది. పరుపుల్లేని డాబా ఎంత పెద్దదో నాకు అప్పుడే తెలిసింది. పాత నులకమంచం ఒకటి వేసి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ముందు పంపు, తర్వాత నోరు పుక్కిలించడం, తర్వాత చెంచాలో చుక్కలు. చుక్కలు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి, దబ్బనంలో దారం ఎక్కించేటప్పటిలా ఒక కన్ను మూసేది. ఒక్క చుక్క ఎక్కువ పడినట్టు అనుమానం వస్తే చెంచా కడిగి మళ్లీ మొదలుపెట్టేది. తర్వాత నా జుట్టు దువ్వుతూ ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. ఎవరి పరుపు ఎలా ఉందో, ఎవరింట్లో గట్టు లేచిందో, ఎవరింట్లో చదునైందో. ఆమె ఒళ్లు సబ్బు వాసన. ఎండ నా మోకాళ్ల మీదినుంచి మెల్లగా పాకి పాదాల దాకా వచ్చేది. అప్పుడు ఒక్కసారి నన్ను గట్టిగా హత్తుకుని, "చాల్లే, ఎండావు," అని దింపేసేది. ఇంక ఆ రోజుకి అంతే.

మబ్బు పట్టిన రోజుల్లో కూడా వెళ్లేవాళ్లం. "ఎండ లేదు కదా పెద్దమ్మా," అంటే, "పైన ఉంది, మనకి కనబడట్లేదంతే," అనేది. వాన పడితే గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర కూర్చున్న రోజు కూడా ఉంది. డాక్టరు తప్పకూడదన్నాడు మరి.

నాకు నయమైంది. ఒక్కరోజులో కాదు, మెల్లగా. దూది పోయినందుకో, పంపుకో, చుక్కలకో, పెరిగే వయసుకో, ఏది ఎంత పనిచేసిందో డాక్టరు కూడా చెప్పలేదు. రక్తంలో డి విటమిన్ మాత్రం సరైపోయిందని, ఇక చుక్కలు తగ్గించొచ్చని అన్నాడు. పెద్దమ్మ ఘనతంతా ఎండకే కట్టబెట్టింది. పెద్ద క్లాసులకొచ్చాక నేను వాదించబోయాను. "నువ్వు పుస్తకాలు చదివావు, నేను నిన్ను ఎండబెట్టాను. ఎవరికి తెలుస్తుంది?" అంది. ఇక నోరు మూసుకున్నాను.

ఏళ్లు గడిచాయి. స్పంజి పరుపుల షాపులు పెరిగాయి, షెడ్డుకి వచ్చే పరుపులు తగ్గాయి. మిషను ఒకరోజు ఆగిపోతే బాగుచేయించలేదు. పెద్దమ్మ దబ్బనం తెచ్చి పెదనాన్న ఫొటో వెనక పెట్టి, షెడ్డు తాళం ఇచ్చేసింది. అప్పటికి నాకు పెళ్లయింది, బిడ్డ పుట్టాడు. నేనూ ఇదే ఊళ్లో, రెండు వీధుల అవతలే ఉంటాను.

మొన్న మావాడికి దగ్గు పట్టుకుంటే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ పాత డాక్టరు కాదు, ఈమె వయసులో నాకన్నా చిన్నది. వాడికి ఆయాసం లేదంది, డి విటమిన్ కొంచెం తక్కువుందని చుక్కలు రాసింది. "రోజూ ఎండలో ఎంతసేపు కూర్చోబెట్టాలి?" అని అడిగాను. "ఆడుకోనివ్వండి చాలు. మందుకోసం ఎండలో కూర్చోబెట్టక్కర్లేదు, చుక్కలు సరిపోతాయి," అంది.

అక్కణ్నుంచి అమ్మావాళ్లింటికి వెళ్లాను. అమ్మ వంటింట్లో ఉంది. "ఈ కాలం డాక్టర్లు వేరమ్మా. నాకప్పుడు ఆయన రోజూ ఎండలో కూర్చోబెట్టమన్నాడు, తప్పకూడదన్నాడు. ఈవిడ అక్కర్లేదంటోంది," అన్నాను.

అమ్మ గరిటె పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఎవరన్నారే తప్పకూడదని? ఆయన కూడా అక్కర్లేదనే అన్నాడు."

నాకు అర్థం కాలేదు.

"వరండాలో అక్కే అడిగింది. 'రోజూ కాసేపు ఎండలో నాతో కూర్చోబెట్టుకుంటే తప్పా?' అని. 'తప్పేం లేదు, కానీ అవసరమూ లేదు, చుక్కలు చాలు' అన్నాడు. గడప దాటి నీ మంచం దగ్గరికి వచ్చేలోపల మాట మార్చేసింది."

"మరి నువ్వెందుకు ఊరుకున్నావు?"

అమ్మ మళ్లీ గరిటె తీసుకుంది. "దూది పట్టిన ఒంటితో నిన్ను ముట్టుకోకూడదని డాక్టరు చెబితే అప్పుడే విని వచ్చింది. ఆ ఒక్క పూట కూడా లేకపోతే అక్క బతికేదా? ఏమని చెప్పమంటావు నన్ను?"

నేను బిడ్డని అమ్మ దగ్గర వదిలి మెట్లెక్కాను. పెద్దమ్మ డాబా మీదే ఉంది, ఎప్పటిలాగే. మోకాళ్లు సహకరించకపోయినా రోజూ పొద్దున్న గోడ పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కొద్దంటే వినదు. అదే నులకమంచం, నులక మాత్రం మార్చారు. జుట్టు మొత్తం తెల్లబడింది. అలవాటు చొప్పున నా కళ్లు ఆ తెలుపులో దూది ఉందేమోనని వెతికాయి. లేదు. ఆమె ఒంటిమీద దూది లేక ఎన్నేళ్లయిందో. అయినా ఆమె ఈనాటికీ నేను దగ్గరికి వస్తే చేతులు కొంచెం ముందుకి పెడుతుంది, ఆపడానికన్నట్టు. ఇప్పుడూ పెట్టింది.

"ఏంటే, ఈ వేళప్పుడు వచ్చావు? వాడికెలా ఉంది?"

"బానే ఉన్నాడు. నన్నే డాక్టరు ఎండలో కూర్చోమన్నాడు పెద్దమ్మా. రోజూ పొద్దున. నీతోపాటు. తప్పకూడదన్నాడు."

పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. వంటింట్లో అమ్మ ఉన్న సంగతి ఆమెకి తెలుసు. మెట్ల వైపు ఒకసారి చూసి, మళ్లీ నావైపు తిరిగింది.

"ఏ డాక్టరు?"

"నీ డాక్టరే."

  పెద్దమ్మ ముందుకి చాచిన చేతులు మెల్లగా దించేసింది. మంచం మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

"రావే దూదిపింజా," అంది.